ఒక్కసారి నడిపి చూడండయ్యా

ఉబుంటు 14.04 అనే లైనక్స్ వచ్చింది 2014 ఏప్రిల్‌లో. దానికి మామూలు సపోర్టు 2019 ఏప్రిల్‌తో అయిపోయింది. ఆ ఉబుంటు కోసం రాసిన ల్యాబ్ మాన్యువల్‌నే ఈ ఏడాది కూడా కాలేజీలో మా పిల్లల చేతిలో పెట్టి, ఇందులో ఉన్నట్టు చేసుకురండి అన్నారు. స్పైరల్ బైండింగ్ కొత్తది. పైన అట్ట కొత్తది. లోపల ఒక్క అక్షరం మారలేదు. వర్చువల్ బాక్స్ ఎలా వేసుకోవాలి, అందులో లైనక్స్ ఎలా ఎక్కించాలి, గెస్ట్ అడిషన్స్ ఎలా పెట్టాలి అని చెప్పే ఆ కాసిని పేజీల్ని ఇవాళ్టి ల్యాప్‌టాప్ మీద మొదటి నుంచి చివరి దాకా ఎవరూ పూర్తి చేయలేరు. నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదిది. మలికిపురంలో సాయంత్రం పూట డిగ్రీ, డిప్లొమా పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటాను. ఆ పేజీలు పట్టుకుని మొహాలు వేలాడేసుకుని వచ్చే పిల్లల పక్కన కూర్చుని, ప్రతి కమాండూ కొట్టించి చూశాను కాబట్టి అంటున్నాను.

కాలేజీ పేరు రాయను. రాస్తే ఆ ఒక్క కాలేజీ గొడవ అయిపోతుంది. ఇదే మాన్యువల్, ఇవే అచ్చుతప్పులతో, అమలాపురం వైపు పిల్లల దగ్గరా చూశాను, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు నుంచి వచ్చిన పిల్లల దగ్గరా చూశాను. మొదట రాసినాయన ఎవరో గానీ, ఆ రోజుకి సరిగానే రాశారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన తర్వాత ఇన్నేళ్లుగా దాన్ని జిరాక్స్ తీయించిన వాళ్లలో ఒక్కరైనా ఒక్కసారి ఆ కమాండ్లు కొట్టి చూడలేదే, అదీ నా బాధ.

వర్చువల్ మెషీన్ అంటే తెలియని తల్లిదండ్రులకి ముందు నాలుగు మాటలు చెప్పాలి. ఫీజులు కట్టేది వాళ్లే కదా. ఒక కంప్యూటర్ లోపల, ఒక కిటికీలో, ఇంకో కంప్యూటర్ నడుస్తుంది. పైన విండోస్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. లోపల లైనక్స్ పెట్టుకుని నేర్చుకోవచ్చు, చెడగొట్టుకోవచ్చు, తుడిచేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అసలు ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదు. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 అని తమ పెద్ద మెషీన్ల మీద దీన్ని తెచ్చారు. ఇవాళ క్లౌడ్ అని అందరూ అంటున్నది దీని మీదే నిలబడింది. సర్వర్ అద్దెకి తీసుకుంటే చాలాసార్లు మనకి ఇచ్చేది ఒక వర్చువల్ మెషీనే, దాంట్లో నడిచేది ఎక్కువగా లైనక్సే. హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో సపోర్టు పనికి వెళ్లినా, లైనక్స్ తెలుసా అని అడగకుండా వదలరు.

మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి మండలాల్లో చాలా ఇళ్లకి గల్ఫ్ డబ్బే ఆధారం. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో పనిచేస్తుంటే, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ఆ డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్ ఇంట్లో అందరూ భద్రంగా చూసుకునే వస్తువు. విండోస్ తీసేసి లైనక్స్ వేద్దామంటే ఆ ఇంటి పిల్ల చేయి వణుకుతుంది. రెండో ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు. అలాంటి ఇంటికి వర్చువల్ మెషీన్ అక్కరకొచ్చినంతగా ఇంకేదీ రాదు. డబ్బున్న వాళ్ల పిల్లలకి ఇది ఉన్నా లేకపోయినా ఒకటే. మా పిల్లలకి ఇది తప్ప దారి లేదు. సరిగ్గా ఇక్కడే వాళ్లకి పనికిరాని కాగితం ఇచ్చి పంపుతున్నారు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. బీసీఏ రెండో ఏడు. ల్యాప్‌టాప్ తల్లి పంపిన డబ్బుతోనే కొన్నది. వర్చువల్ బాక్స్ కొత్తది, 7వ వెర్షన్, దించుకుంది. మాన్యువల్లో చెప్పినట్టు లైనక్స్ ఐఎస్ఓ ఫైలు చూపించింది. ఆ తర్వాత మాన్యువల్లో బొమ్మలు వేసి చూపించిన తెరలు ఒక్కటీ రాలేదు. లైనక్స్ తనంతట తానే ఎక్కిపోయింది. 2022 అక్టోబరులో వచ్చిన 7.0 నుంచి వర్చువల్ బాక్స్ చేసే పని ఇది. వద్దు అని మనం ముందే టిక్కు పెట్టకపోతే అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ అని మొత్తం అదే కానిచ్చేస్తుంది. యూజర్ పేరు వీబాక్స్‌యూజర్ అని, పాస్‌వర్డ్ చేంజ్‌మీ అని తనే పెట్టేస్తుంది. ఆ యూజర్‌కి సుడో, అంటే అడ్మిన్ అధికారం ఇవ్వదు. కొన్ని ఉబుంటుల్లో భాష సెట్టింగు తేడా వల్ల టెర్మినల్ కూడా తెరుచుకోదు. ఇవేవీ తెలియని పిల్ల ఎలాగో తంటాలు పడి టెర్మినల్ తెరిచి, మాన్యువల్లో ఉన్న కమాండ్ కొట్టింది. మీరు సుడోయర్స్ ఫైల్లో లేరు, ఈ సంఘటన రిపోర్ట్ చేయబడుతుంది అని ఇంగ్లీషులో వచ్చింది.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసింది. చాలా రోజులు తెరవలేదు. నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మాట, "సార్, కాలేజీకి రిపోర్ట్ వెళ్లిపోయి ఉంటుందా? అమ్మకి ఫోన్ చేస్తారా?"

"ఎవరికీ వెళ్లదమ్మా. ఆ మెషీన్ లోపలే లాగ్ ఫైల్లో ఒక లైను పడుతుంది. అంతే."

"మరి మాన్యువల్లో ఆ ముక్క ఎందుకు రాయలేదు సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఒక టిక్కు గురించి రాయడానికి ఒక వాక్యం చాలు. ఆ వాక్యం లేక ఒక పిల్ల తాను నేరం చేశాననుకుని బెంగపెట్టుకుంది. ఎక్కడో కువైట్‌లో తల్లికి చెడ్డపేరు వస్తుందని భయపడింది. ఈ భయానికి ఎవరు పూచీ? మాన్యువల్ మీద సంతకం పెట్టినాయనా? దాన్ని అచ్చు వేయించిన యాజమాన్యమా? చదువు ప్రమాణాలు చూస్తామని ఏటేటా కార్లలో వచ్చి వెళ్లే కమిటీలా?

కొంచెం లోపలికి వెళ్లాలి. ఈ నిర్లక్ష్యం ఎంత చిన్న పని చేయకపోవడం వల్ల వస్తోందో అప్పుడే తెలుస్తుంది.

లోపల నడిచే లైనక్స్‌కి తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్న సంగతి తెలిసి, బయటి మెషీన్‌తో సర్దుకుపోవాలి. లేకపోతే తెర చిన్నగా ఉండిపోతుంది, బయట కాపీ చేసింది లోపల పేస్ట్ అవదు, ఫోల్డర్ పంచుకోవడం కుదరదు. ఆ పని చేసేవే వర్చువల్ బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్, వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్స్. వీటిలో కొంత భాగం లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి చేరాలి. అందుకే ఒకప్పుడు జీసీసీ, మేక్, కెర్నల్ హెడర్లు అన్నీ తెచ్చుకుని, మాడ్యూల్‌ని మన మెషీన్ మీదే కంపైల్ చేసుకునేవాళ్లం. నడుస్తున్న కెర్నల్‌కీ, తెచ్చుకున్న హెడర్లకీ వెర్షన్ కలవకపోతే అక్కడితో ఆగిపోతుంది. కెర్నల్ ఏడాదికి అయిదారు సార్లు మారుతుంది. కాబట్టి ఈ సూచనలు పాతబడక తప్పదు. పాతబడతాయని ఈ పాఠం చెప్పేవాళ్లందరికీ తెలుసు కూడా.

మా మాన్యువల్ ఏమంటుందో వినండి. లైనక్స్ హెడర్స్ 3.13.0-24 జెనరిక్ అనే ప్యాకేజీ వేసుకోమంటుంది. అది 14.04 వచ్చిన రోజు కెర్నల్ నంబరు. పిల్లలు ఇవాళ దించుకునేది 24.04, అది వచ్చిందే 6.8 కెర్నల్‌తో. ఆ ప్యాకేజీ లేనే లేదని ఆప్ట్ చెప్పేస్తుంది. ఆ నంబరు ఉన్న చోట యునేమ్ ఆర్ కమాండ్‌ని పెట్టి ఉంటే, ఏ కెర్నల్ నడుస్తుంటే దానికి తగిన హెడర్లు అవే వచ్చేవి, ఇన్నేళ్లూ ఆ కమాండ్ పనిచేసేది. తర్వాత జీకేసుడో కొట్టమంటుంది. 2018లో 18.04 వచ్చేసరికే ఉబుంటు దాన్ని తీసేసింది. ఐఎఫ్‌కాన్ఫిగ్ అంటుంది. అది ఇప్పుడు ఉబుంటుతో రాదు, విడిగా వేసుకోవాలి, లేదా ఐపీ కమాండ్ నేర్చుకోవాలి. ఈథ్0 కార్డుకి అడ్రస్ ఇమ్మంటుంది. వర్చువల్ బాక్స్‌లో మామూలుగా ఆ కార్డు ఈఎన్‌పీ0ఎస్3 అనే పేరుతో కనపడుతుంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైలు దిద్దమంటుంది. 17.10 నుంచి ఉబుంటులో ఆ పని నెట్‌ప్లాన్‌ది. 32 బిట్ ఐఎస్ఓ తెచ్చుకోమంటుంది. అదే 17.10 నుంచి డెస్క్‌టాప్ ఉబుంటుకి 32 బిట్ ఐఎస్ఓ ఇవ్వడమే మానేశారు.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి. ఇన్ని తంటాలకీ ఇప్పుడు అవసరమే లేదు! వర్చువల్ బాక్స్ గెస్ట్ డ్రైవర్ 2018లో వచ్చిన 4.16 కెర్నల్‌లోనే కలిసిపోయింది. ఫోల్డర్ పంచుకునే భాగం 2020లో 5.6తో వచ్చింది. మిగిలిన ముక్కలు ఉబుంటు దగ్గరే వర్చువల్‌బాక్స్ గెస్ట్ యుటిల్స్, వర్చువల్‌బాక్స్ గెస్ట్ ఎక్స్11 అని రెండు ప్యాకేజీలుగా దొరుకుతాయి. ఒక్క కమాండ్‌తో రెండూ వస్తాయి. మెషీన్‌ని ఒకసారి రీస్టార్ట్ చేస్తే తెర పెద్దదవుతుంది. పంచుకున్న ఫోల్డర్ తెరుచుకోవాలంటే మన యూజర్‌ని వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఇంతే పని. సీడీ మౌంట్ చేయడం, స్క్రిప్ట్ నడపడం, కంపైల్ ఎర్రర్లు చూసుకుంటూ కూర్చోవడం, ఇవి చేస్తే తప్ప లైనక్స్ రాదని నమ్మించి పిల్లల్ని పంపేస్తున్నారు.

వీఎంవేర్ వాడే చోటా ఇదే తంతు. టార్ ఫైలు విప్పి పెర్ల్ స్క్రిప్ట్ నడపమని ఉంటుంది. ఆ సంస్థ 2007లోనే ఓపెన్ వీఎం టూల్స్ పేరుతో ఆ కోడ్ బయటపెట్టింది. రెడ్ హ్యాట్ లైనక్స్ 7 నుంచి అది డిస్ట్రోతోనే వస్తోంది, డిస్ట్రో ఇచ్చేదే వాడుకోండని తయారుచేసిన వాళ్లే చెబుతున్నారు. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది, పాత డౌన్‌లోడ్ దారులు మారిపోయాయి. వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం. మా కాగితం మాత్రం ఇంకా ట్రయల్ వెర్షన్ తెచ్చుకుని ముప్పై రోజుల్లో ప్రయోగాలు ముగించుకోమని తొందరపెడుతోంది.

సెంట్ఓఎస్ 7 అనే ఇంకో లైనక్స్ మీద చేయమన్న ప్రయోగాల సంగతి ఇంకా ఘోరం. 2024 జూన్ 30తో దాని కాలం తీరిపోయింది. ప్యాకేజీలు ఎక్కడున్నాయో చెప్పే మిర్రర్‌లిస్ట్ సర్వర్‌ని ఎత్తేశారు. యమ్ అని ఏం కొట్టినా సర్వర్ దొరకలేదనే వస్తుంది. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే చోట దాచి ఉంచారు, రిపో ఫైల్లో ఆ అడ్రస్ మార్చుకుంటే పని జరుగుతుంది. ఈ ముక్క తెలియని పిల్లలు ఇంట్లో నెట్ బాగాలేదనుకుని, రాత్రిపూట డాబా ఎక్కి ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం తిరుగుతున్నారు. వాళ్ల సిగ్నల్ బాగానే ఉంది. అవతల సర్వరే లేదు. వాళ్లకి ఆ మాట చెప్పే దిక్కు లేదు.

నెట్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 14.04 ఐఎస్ఓ 1 జీబీ చుట్టుపక్కల ఉండేది. 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ 6 జీబీ దాకా ఉంటుంది. మా దగ్గర చాలామంది పిల్లలకి నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. రోజుకి ఒకటిన్నర జీబీ, మహా అయితే రెండు. ఆ ప్యాక్ మీదే ఇంట్లో అందరూ బతకాలి, అమ్మతో వీడియో కాల్ కూడా దాని మీదే. రోజూ మిగిలిన డేటాతో ముక్కలు ముక్కలుగా దించుకున్న ఫైలు చివర్లో తేడా వస్తుంది. సరిచూసుకునే పద్ధతి ఉంది, దాని పేరు మాన్యువల్లో లేదు. ఇన్‌స్టలేషన్ సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి 6 జీబీ! కాలేజీ ల్యాబ్‌లో ఒక పెన్ డ్రైవ్‌లో ఆ ఫైలు పెట్టి ఉంచితే ఈ బాధ ఏ పిల్లకీ ఉండదు. పెన్ డ్రైవ్ ఎంత? పిల్లల దగ్గర ల్యాబ్ ఫీజు అని వసూలు చేసేది ఎంత?

మెషీన్ల సంగతి కూడా ఎవరూ చూడరు. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద వర్చువల్ బాక్స్ పెట్టి, దాంట్లో 24.04 డెస్క్‌టాప్ ఎక్కిస్తే కదలదు. కమాండ్లు నేర్చుకోవడానికి డెస్క్‌టాప్ అక్కర్లేదు, సర్వర్ ఉబుంటు చాలు, అది తక్కువ ర్యామ్‌తో నడుస్తుంది. లేదంటే విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, ఒక్క కమాండ్‌తో ఉబుంటు వస్తుంది. అది వేసుకుంటే విండోస్ తన హైపర్‌వైజర్‌ని ఆన్ చేస్తుంది, వర్చువల్ బాక్స్ కింద ఆకుపచ్చ తాబేలు గుర్తు కనపడి మెషీన్ మందగించొచ్చు. అదీ చెప్పాలి. బయోస్‌లో వీటీ ఎక్స్ ఆపేసి ఉంటే 64 బిట్ లైనక్స్ నడవదు, అదీ చెప్పాలి. ల్యాబ్ మెషీన్ల మీద నేరుగా లైనక్సే ఉన్న చోట, 6.12 కెర్నల్ నుంచి కేవీఎం మాడ్యూల్ ఎక్కగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసుకుంటుంది, అప్పుడు వర్చువల్ బాక్స్ మొరాయిస్తుంది. ఇలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. అందుకే ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు కూర్చుని నడిపి చూడాలంటున్నాను.

ఇక ల్యాబ్ రికార్డులు. ఒక రికార్డు నా ముందు పెట్టుకుని రాస్తున్నాను. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రామ్, ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్. స్కేలు పెట్టి గీసిన డబ్బాలో, నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో 3.13.0-24 జెనరిక్ అని ఉంది. డేట్ కమాండ్‌కి వచ్చిన జవాబుగా 2015 నాటి తేదీ ఉంది, గంటలు, నిమిషాలు, సెకన్లతో సహా. ఆ రికార్డు రాసిన పిల్ల 2015లో మూడో తరగతో నాలుగో తరగతో చదువుతూ ఉండి ఉంటుంది. సీనియర్ రికార్డు చూసి ఈమె రాసింది. ఆ సీనియర్ అంతకు ముందు సీనియర్‌ది చూసి రాసింది. కింద ఎర్ర సిరాతో సంతకం, పక్కన టిక్కు, పదికి పది. ఆ సంతకం పెట్టిన మనిషి ఆ తేదీ మీద కన్ను వేశారా? వేస్తే కన్ను ఎలా దాటిపోయింది?

రాత్రంతా కూర్చుని ఆ పేజీలు నింపిన పిల్ల సోమరి కాదు. ఆ ఓపికలో పదో వంతు పెట్టి నిజంగా కమాండ్ కొట్టి ఉంటే నేర్చేసుకునేది. కొట్టి చూసింది కూడా, పనిచేయలేదు. అడిగితే, ఎందుకొచ్చిన గొడవ, రికార్డు పూర్తి చేసేయి అన్నారు. నిజంగా చేసి చూడబోయిన పిల్లకి ఎర్రర్ వచ్చింది, చూసి రాసిన పిల్లకి మార్కు వచ్చింది. చదువు పేరుతో పంతొమ్మిదేళ్ల పిల్లలకి ఇదా మనం నేర్పుతున్నది?

అడగవలసిన చోటల్లా అడిగాను. "సిలబస్‌లో అలాగే ఉందండి" అన్నారు ఒకరు. సిలబస్ నేను చదివాను. లైనక్స్ కమాండ్లు, ప్రాసెస్‌లు, షెల్ ప్రోగ్రామింగ్ అని ఉంది. 3.13 కెర్నల్ హెడర్లు వేయమని ఏ సిలబస్‌లోనూ లేదు. "పిల్లలు యూట్యూబ్‌లో చూసుకుంటారు మాస్టారూ" అన్నారు ఇంకొకరు. చూసుకుంటున్నారు. ఆ వీడియోల్లో సగం కూడా పాతవే, ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకునేంత తెలివే వస్తే ఆ పిల్లకి మీ కాలేజీ ఎందుకు? "ఇంటర్నల్ మార్కులు వేసేస్తున్నాం కదండీ, ఇంకేం బాధ" అన్న మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. మార్కులు వేసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, అమీర్‌పేట బస్సు ఎక్కిస్తున్నారు. అక్కడ కోచింగ్ సెంటర్లో వేలకి వేలు పోసి, ఇదే లైనక్స్, ఇదే వర్చువల్ బాక్స్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. మూడేళ్ల ఫీజు ఒకరికి, నేర్పినందుకు డబ్బు ఇంకొకరికి. రెండూ కట్టేది కువైట్‌లో గిన్నెలు కడిగే ఆ తల్లే.

గంటల లెక్కన జీతం తీసుకుని, నాలుగు సబ్జెక్టులు చెప్పి, పరీక్ష డ్యూటీలు కూడా చేసే కాంట్రాక్టు లెక్చరర్లని నేను తిట్టడం లేదు. వాళ్లలో కొందరు నా దగ్గరికే వచ్చి దారి అడిగి వెళ్లారు, తమ సెక్షన్ పిల్లలకి విడిగా కాగితం రాసి ఇచ్చుకున్నారు. వాళ్లకి దండం పెడతాను. మాన్యువల్ మార్చే అధికారం వాళ్లకి లేదు, మార్చినందుకు ఒక గంట జీతం కూడా రాదు. అధికారం ఉన్నవాళ్లకి తీరిక లేదు. తనిఖీకి వచ్చే కమిటీలు కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాయి, ఫైళ్లు చూస్తాయి, ఫొటోలు దిగుతాయి. ఒక పిల్లని పిలిచి, అమ్మా, ఈ మెషీన్ ఆన్ చేసి ఈ పేజీలో ఉన్నది చేసి చూపించు అని అడిగితే అయిదు నిమిషాల్లో అన్నీ బయటపడతాయి. ఆ అయిదు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు.

మా మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ కథ అందరికీ తెలుసు. పోటు వేళ సముద్రపు నీరు డ్రెయిన్లోకి ఎగదన్ని కొబ్బరి తోటల్లోకి చేరుతోందని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చెట్టు వెంటనే చావదు. ముందు పిందె రాలుతుంది, తర్వాత ఆకు వాలుతుంది, ఆఖరికి తల ఊడి మోడు మిగులుతుంది. కేశనపల్లి చుట్టుపక్కల అలాంటి మోడులు చూసిన వాళ్లకి, పట్టించుకోకపోవడం ఎలా చంపుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్క ఏడాది మాన్యువల్ మారకపోతే ఏమీ కాదు. పదేళ్లు దాటాక ఏమైందో, డిగ్రీ చేతిలో పట్టుకుని "నాకు కంప్యూటర్ రాదు సార్" అనే పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. లోపం వాళ్లలో లేదు. నా దగ్గర సరైన కాగితం చూసుకుని అదే పిల్లలు ఒక సాయంత్రంలో మెషీన్ నిలబెట్టుకున్నారు.

చేయడం కుదరని పని అయితే ఇంత బాధపడను. ఐఐటీ బాంబేలో నడిచే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు చూడండి. ప్రతి పాఠం మొదట్లోనే నేను ఫలానా ఉబుంటు, ఫలానా వెర్షన్ వాడుతున్నాను అని చెప్పి మొదలుపెడతారు. పాఠం పాతబడితే, పాతబడిందని వినేవాళ్లకి ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోతుంది. వాటిలో తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. కేరళలో స్కూళ్ల కోసం 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, దాన్నే 2017లో కైట్ అనే సంస్థగా చేసి, ఉబుంటు మీద తమ స్కూళ్లకి తగ్గ లైనక్స్ తామే తయారుచేసుకున్నారు, 18.04 మీద ఒకటి, తర్వాత 22.04 మీద మరొకటి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్లు జీతం లేకుండా కూర్చుని తెలుగులో లైనక్స్ తెచ్చారు. చేసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లని పిలిచి ఒక పూట కూర్చోబెట్టుకుంటే సిగ్గుపడాల్సిందేం లేదు.

నేను అడిగేది ఎంత చిన్నదో చూడండి. మాన్యువల్ మొదటి పేజీ మీద తేదీ, వర్చువల్ బాక్స్ వెర్షన్, ఉబుంటు వెర్షన్ రాయండి. ల్యాబ్ మొదలయ్యే ముందు ఒక పిల్ల ల్యాప్‌టాప్ లాంటి మామూలు మెషీన్ మీద మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి నడిపి చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడ దిద్దండి. ఐఎస్ఓ పెన్ డ్రైవ్‌లో పెట్టి ల్యాబ్‌లో ఉంచండి. ఏ కమాండ్ దగ్గరైనా ఆగిపోతే ఎవరిని అడగాలో ఒక పేరు రాయండి. పిల్లలకి ఇంగ్లీషులో వచ్చే ఎర్రర్ ఏమంటోందో పక్కన తెలుగులో ఒక వాక్యం రాయండి, భయపడకుండా ఉంటారు. ఒక మనిషికి ఒక పూట పని. వందలమంది పిల్లల నెలల బాధకి ఎదురుగా ఒకే ఒక్క పూట!

ఆ పూట నేనే పెట్టాను. కొత్త సూచనలు తెలుగులో టైపు చేసి, ప్రతి కమాండూ నడిపి చూసి, పైన తేదీ వేసి, చేయవలసిన వాళ్ల చేతికి ఇచ్చాను. నా పేరు కూడా వేయొద్దన్నాను. "ఆయ్, బాగుందండి, డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెట్టి అప్రూవల్ తీసుకుంటాం" అన్నారు. మీటింగ్ ఎప్పుడండీ అంటే తేదీ చెప్పేవాళ్లు లేరు. సెమిస్టర్ మొదలైపోయింది. ఈ ఏడాది చేరిన పిల్లల కోసం పాత మాన్యువలే మళ్లీ జిరాక్స్ షాపుకి వెళ్లింది. కాపీలు దొంతరలుగా పెడుతుంటే నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆపమనే అధికారం నాకు లేదు. అధికారం ఉన్నాయనకి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఎత్తలేదు.